ముందు కడుపు, తర్వాత నోరు అనే పెద్దమనుషులకు



ఈసారి కాస్త పెద్ద పోస్టు. కల్లం కాడ కాపలా ఉన్నవాళ్ళు చదవండి, పొద్దు గడుస్తుంది. కోపమొస్తే కింద తిట్టండి, కాదనను. కానీ పూర్తిగా చదివి తిట్టండి.

పోయిన సీజన్లో మిర్చి ధర పడిపోయినప్పుడు మేం పదిమందిమి కలిసి యార్డు గేటు ముందు ఒక పూట కూర్చుందామనుకున్నాం. రాయి లేదు, కర్ర లేదు, కనీసం టెంటు కూడా లేదు. తెల్లారి పాలు పితకడానికి లేచేసరికి వాకిట్లో కానిస్టేబులు. "అన్నా, ఇవాళ మీరు ఇల్లు కదలొద్దంట, పైనుంచి చెప్పారు" అన్నాడు. పాపం కుర్రాడే. మా ఆవిడ ఇచ్చిన టీ తాగి సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చున్నాడు. మిగతా తొమ్మిదిమంది ఇళ్ళ ముందూ అదే కథ. గేటు ముందు కూర్చునేవాడు లేడు. ధర మాత్రం ఆ రోజు ఇంకో మెట్టు దిగింది.

ఈ సంగతి మీద గట్టిగా మాట్లాడదామని మా ఊళ్ళో ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. ముప్పై ఏళ్ళుగా ఎర్రజెండా మోసిన మనిషి. ఆయనంటే నాకు గౌరవం. ఆయనేమన్నాడో తెలుసా? "ఇవన్నీ పట్నపోళ్ళ ముచ్చట్లురా. హక్కులు, స్వేచ్ఛ తర్వాత చూసుకుందాం. ముందు బాకీ మాఫీ కానియ్. ముందు కడుపు, తర్వాత నోరు."

ఈ మాట ఆయనొక్కడిదే కాదు. మనలో సగంమంది మాట ఇదే. కానీ ఈ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికి మన ఊరి ఉదాహరణ చాలదు. యూరప్‌లో ఈ పని చేసి చూశారు. ఎర్రజెండా పార్టీలు గద్దె దాకా ఎక్కి చేసి చూశాయి. ఫలితం కూడా వచ్చింది. ఆ రాత్రుళ్ళు కల్లం కాడ ఫోన్లో ఇవే చదువుకుంటూ కూర్చున్నా.

ముందు గ్రీసు సంగతి చెప్తాను.

గ్రీసు ప్రభుత్వం లెక్కకు మించి అప్పులు చేసింది. లెక్కలు కూడా దాచింది. 2009 చివర్లో గుట్టు బయటపడింది. 2010 మేలో యూరోపియన్ కమిషన్, యూరప్ సెంట్రల్ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి ముగ్గురూ కలిసి 11,000 కోట్ల యూరోల అప్పు ఒప్పందం రాశారు. ఆ డబ్బు గ్రీసు జనానికి అందిందనుకునేరు. ఎక్కువ భాగం పాత అప్పులు, వడ్డీలు, బ్యాంకుల బాకీలకే పోయింది. అంటే పాత బాకీ తీర్చడానికి కొత్త నోటు రాయించడం. ఇది మనకు కొత్త కాదు కదా! మన షావుకార్లు తరతరాలుగా చేసిందిదే. తేడా ఒకటే, అక్కడ షావుకారుకి కోటు ఉంది.

ఆ అప్పుతో పాటు షరతులు పెట్టారు. పింఛన్లు కొయ్యి, జీతాలు కొయ్యి, ఆసుపత్రుల ఖర్చు తగ్గించు, పన్నులు పెంచు, ప్రభుత్వ ఆస్తులు అమ్ము. దీన్ని పొదుపు చర్యలన్నారు. మన ఆడవాళ్ళ సంఘాల పొదుపు లాంటిది కాదు. ఆడవాళ్ళ పొదుపులో మన రూపాయి మన దగ్గరే ఉంటుంది. ఈ పొదుపులో మన పళ్ళెంలో ముద్ద తీసి అప్పులోడి పళ్ళెంలో వేస్తారు. కొన్నేళ్ళలోనే దేశ ఆదాయం దాదాపు నాలుగో వంతు ఊడ్చుకుపోయింది. 2013 నాటికి పనిచేయగలిగిన నలుగురిలో ఒకరికి పని లేదు. కుర్రాళ్ళలో సగానికి పైగా ఖాళీ. 2012 ఏప్రిల్‌లో 77 ఏళ్ళ రిటైర్డ్ ఫార్మసిస్టు ఒకాయన ఏథెన్సులో పార్లమెంటు ఎదురుగా తుపాకీతో కాల్చుకుని చచ్చిపోయాడు. అప్పు మనిషిని ఏం చేస్తుందో మనకెవరూ చెప్పక్కర్లేదు. మన చేల గట్లే చెప్తాయి.

ఇక్కడ కాస్త ఆగండి. కడుపు కొట్టినోడు అక్కడితో ఆగాడా? ఆగలేదు. 2013 జనవరిలో ఏథెన్సు మెట్రో కార్మికులు సమ్మె చేస్తే, అత్యవసర కాలానికి రాసుకున్న చట్టం తీసి "పనిలోకి రాకపోతే జైలే" అన్నారు. తర్వాత ఓడల కార్మికులకు అదే. మేలో పంతుళ్ళు సమ్మె అనే లోపలే అదే. 2013 జూన్ 11న సాయంత్రం ప్రకటన చేసి, రాత్రికల్లా ప్రభుత్వ రేడియో, టీవీ సంస్థ ఈఆర్‌టీని మూసేశారు. మన ఆకాశవాణి, దూరదర్శన్ రెండూ ఒక్క రాత్రిలో మూగబోయాయనుకోండి, అట్లా. రెండున్నర వేల మందికి పైగా ఉద్యోగులు రోడ్డున పడ్డారు. దానికి చెప్పిన కారణం కూడా పొదుపే.

అంటే అప్పు కాగితమూ, నోటికి తాళమూ ఒకే సంచిలో వస్తాయి. ఎందుకంటే జనం ఒప్పుకోని కోతని జనం నోరు తెరిచి ఉండగా ఎవడూ కొయ్యలేడు. నేను చెప్పదలుచుకుంది ఇదొక్కటే. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

2015 జనవరి 25న గ్రీసు జనం సిరిజా అనే వామపక్ష పార్టీని గెలిపించారు. 300 సీట్లలో 149. నాయకుడు అలెక్సిస్ సిప్రాస్, నలభై ఏళ్ళ మనిషి. కోతలు ఆపుతాం, అప్పు తగ్గిస్తాం, ఏ పేదోడి ఇల్లూ బ్యాంకు చేతికి పోనివ్వం అన్నారు. జనం నమ్మారు. నేనున్నా నమ్మేవాణ్ణే.

ఐదు నెలలు బేరమాడారు. అప్పులోళ్ళు దిగిరాలేదు. జూన్ చివర్లో సిప్రాస్ "ఈ షరతులు ఒప్పుకోవాలా వద్దా, మీరే చెప్పండి" అని జనాన్ని ఓటు అడిగాడు. వెంటనే బ్యాంకులు మూతపడ్డాయి. ఏటీఎంలో రోజుకు 60 యూరోలకు మించి రాదు. ముసలోళ్ళు పింఛను కోసం బ్యాంకుల ముందు ఎండలో నిలబడ్డారు. అయినా జూలై 5న నూటికి 61 మంది "వద్దు" అని ఓటేశారు. జేబులో డబ్బు లేకుండా, రేపు బ్యాంకు తెరుస్తారో లేదో తెలియకుండా వేసిన ఓటది. ఆ జనానికి దండం పెట్టాలి.

ఎనిమిది రోజులు తిరక్కుండానే, జూలై 13న, రాత్రంతా కూర్చోబెట్టి సిప్రాస్ చేత సంతకం పెట్టించారు. జనం వద్దన్నదానికంటే కఠినమైన షరతులు. 8,600 కోట్ల యూరోల దాకా కొత్త అప్పు. 5,000 కోట్ల యూరోల లెక్కన ప్రభుత్వ ఆస్తుల్ని ఒక నిధిలో పెట్టి అమ్మకానికి చూపాలి. 14 విమానాశ్రయాలు జర్మనీ కంపెనీకి, పిరేయస్ రేవులో 51 శాతం చైనా కంపెనీకి పోయాయి.

మీరనొచ్చు, "వాడేం చేస్తాడు? బ్యాంకులు మూసి గొంతు మీద కాలేశారు కదా" అని. నిజమే, ఆ మాటలో న్యాయముంది. ఆ రోజు సంతకం పెట్టకపోతే ఏమయ్యేదో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. నేనైనా, రేపు పొద్దున పిల్లకి మందులు దొరకవంటే వేలిముద్ర వేసేవాణ్ణే కావొచ్చు. సంతకం పెట్టినందుకు నేను ఆయన్ని తిట్టడంలేదు. సంతకం తర్వాత చేసినదానికి తిడుతున్నా.

మన రైతులకు సంబంధించిందే ముందు చెప్తాను. కొత్త ఒప్పందంలో రైతుల ఆదాయపు పన్ను 13 శాతం నుంచి దశలవారీగా రెట్టింపు చేయాలని ఉంది. పింఛను చందా ఆదాయంలో 20 శాతం దాకా పెంచుతామన్నారు. 2016 జనవరి, ఫిబ్రవరిల్లో గ్రీసు రైతులు ట్రాక్టర్లతో హైవేలు ఆపేశారు. బల్గేరియా సరిహద్దు దగ్గర కూడా అడ్డం పెట్టారు. ఫిబ్రవరి 12న ఏథెన్సుకి పోయి వ్యవసాయ శాఖ ఆఫీసు మీద టమాటాలు విసిరారు. వాళ్ళ మీద బాష్పవాయువు కొట్టింది ఎవరు? వామపక్ష ప్రభుత్వ పోలీసులే. నిన్నటిదాకా అదే రోడ్ల మీద అదే వాయువు పీల్చినవాళ్ళ ప్రభుత్వం.

తర్వాత ఇళ్ళ సంగతి. బాకీ కట్టలేనివాళ్ళ ఇళ్ళ వేలం కోర్టుల్లో జరిగేది. జనం గుంపుగా పోయి లోపల కూర్చుని, అరిచి, వేలం ఆపేవాళ్ళు. ఆ జనంలో సిరిజాకి ఓటేసినవాళ్ళు ఎంతోమంది. 2017 చివర్లో సిరిజా ప్రభుత్వం ఆ వేలాల్ని ఆన్‌లైన్‌లోకి మార్చింది. కోర్టులో మనిషే లేకపోతే ఎవడి ముందు అరుస్తావ్? అది చాలదన్నట్టు, వేలాన్ని అడ్డుకున్నవాడి మీద ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా కేసు పెట్టేలా చట్టం మార్చింది.

నా చిన్నప్పుడు సొసైటీ బాకీ కట్టలేదని ఇళ్ళకొచ్చి తలుపులు ఊడబెరుక్కుని పోయేవాళ్ళు. మీలో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మా పక్కింట్లో తలుపు పీకుతుంటే మా నాన్న, ఇంకో ఇరవైమంది పోయి గడపకి అడ్డంగా కూర్చున్నారు. వచ్చినవాళ్ళు సాయంత్రం దాకా చూసి వెళ్ళిపోయారు. ఆ తలుపు ఇప్పటికీ ఆ ఇంటికుంది. ఆ రోజు గడపలో కూర్చోవడమే నేరమైతే ఆ తలుపు ఉండేదా? గ్రీసులో పోయింది ఆ గడపే.

మూడోది సమ్మె. 2018 జనవరిలో, కార్మిక సంఘం సమ్మె నిర్ణయం చేయాలంటే చందా కట్టిన సభ్యుల్లో కనీసం సగం మంది సమావేశానికి రావాలని చట్టం చేశారు. అంతకు ముందు అంతమంది అక్కర్లేదు. ఇది కూడా అప్పులోళ్ళ షరతే. చూశారా? పన్ను, పింఛనుతో పాటు సమ్మె నియమం కూడా అప్పు కాగితంలోనే ఉంది. అప్పులోడికి బాగా తెలుసు, నోరు కట్టకపోతే బాకీ వసూలు కాదని. మన పెద్దాయనకే తెలియదు.

సిరిజా చేసిన మంచి కూడా చెప్పాలి, లేకపోతే నాది పక్షపాతమవుతుంది. మూసిన ఈఆర్‌టీని సరిగ్గా రెండేళ్ళకు, 2015 జూన్ 11న మళ్ళీ తెరిచారు. బీమా లేనివాళ్ళకి ప్రభుత్వాసుపత్రి వైద్యం ఇచ్చారు. గ్రీసులో పుట్టి పెరిగిన వలసవాళ్ళ పిల్లలకు పౌరసత్వం దారి చూపారు. 2019లో కనీస వేతనం పెంచారు. ఇవన్నీ మంచి పనులే. కానీ తమకు అసలు బలమైన రోడ్డు మీది జనాన్ని తామే ఇంటికి పంపేశారు. వాళ్ళు ఇంక బయటికి రాలేదు. 2015లో 36 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీ 2019లో ఓడింది. 2023 జూన్‌కి 18 శాతం కూడా రాలేదు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య అన్నారు మనవాళ్ళు. రెండోసారి ఏరు దాటాల్సి వచ్చినప్పుడు ఓడ దొరకలేదు.

ఇక స్పెయిన్. అక్కడ ఇంకో రకం తప్పు.

2011లో, పేరుకు సోషలిస్టు ప్రభుత్వమే, ప్రతిపక్షంతో కలిసి రాజ్యాంగంలో 135వ ఆర్టికల్ మార్చింది. అప్పు, వడ్డీ కట్టడమే అన్నిటికంటే ముందు అని రాసేశారు. జనాన్ని ఓటు అడగలేదు. జనం చౌరాస్తాల్లో కూర్చున్నారు, ఇళ్ళు ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్ళకి అడ్డం నిలబడ్డారు. తర్వాత వచ్చిన మితవాద ప్రభుత్వం 2015 జూలై 1 నుంచి ఒక చట్టం అమల్లోకి తెచ్చింది. జనం దానికి పెట్టిన పేరు నోటికి గుడ్డ చట్టం. అందులో పెద్ద తప్పులకి జరిమానా 6,00,000 యూరోల దాకా. అనుమతి లేకుండా పోలీసుల ఫొటోలు వాడినా, ఇల్లు ఖాళీ చేయించేటప్పుడు అధికారుల్ని అడ్డుకున్నా 30,000 యూరోల దాకా పడొచ్చని అప్పుడు అందులో రాశారు. ఆ ఆగస్టులోనే పెట్రెర్ అనే ఊళ్ళో ఒకావిడ, వికలాంగులకు కేటాయించిన చోట పోలీసు బండి ఆపితే ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టింది. 800 యూరోల జరిమానా వేశారు. మన యార్డులో కాటా మోసం ఫోన్లో తీసి పెట్టే తమ్ముళ్ళూ, ఇది గుర్తుపెట్టుకోండి.

అన్యాయం కదా అని పొడెమోస్ అనే కొత్త వామపక్ష పార్టీ లేచింది. అదే చౌరాస్తాల ఊపులో పుట్టిన పార్టీ. 2020 జనవరిలో సోషలిస్టులతో కలిసి ప్రభుత్వంలో కూర్చుంది. నోటికి గుడ్డ చట్టం మారుస్తామని ఒప్పందంలో రాసుకున్నారు. రాసుకుని పక్కన పెట్టారు. రెండు నెలలకే కరోనా లాక్‌డౌన్ వచ్చింది. ఆ చట్టం కిందే పది లక్షలకు పైగా జరిమానా నోటీసులు రాశారు. వద్దన్న చట్టమే చేతికి దొరికితే ఎంత తియ్యగా ఉంటుందో చూడండి. పొడెమోస్ కనీస వేతనం కోసం, జీతగాళ్ళ కోసం కొట్లాడింది, అది అబద్ధం కాదు. కానీ చట్టం వాయిదాల మీద వాయిదాలు పడి, 2023 మార్చిలో సవరణ కమిటీలోనే చచ్చిపోయింది. రబ్బరు తూటాల సంగతి తేలక సోషలిస్టులు దిగిరాలేదు, చిన్న వామపక్షాలు సగం మార్పుకి ఒప్పుకోలేదు. ఒకరి పంతం ఒకరిది. గుడ్డ మాత్రం జనం నోటి మీదే ఉండిపోయింది.

మరి ఎక్కడా బాగుపడలేదా అంటే, కొంత బాగుపడిన చోటు పోర్చుగల్. వాళ్ళకీ 2011లో 7,800 కోట్ల యూరోల అప్పు, అవే కోతలు. కానీ అక్కడ జనమూ వామపక్షాలూ రెండు పనులు వదల్లేదు. ఒకటి రోడ్డు. 2013 మార్చి 2న ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి. రెండోది కోర్టు. ప్రతిపక్ష సభ్యులు రాజ్యాంగ కోర్టుకి పోయారు. ఉద్యోగుల, పింఛనుదారుల పండుగ జీతాలు కొయ్యడం చెల్లదని 2012లో, ఇంకో నాలుగు కోతలు చెల్లవని 2013లో కోర్టు చెప్పింది. అంటే కడుపుని కాపాడింది రాజ్యాంగంలో రాసిన హక్కు. 2015 నవంబరులో అక్కడి కమ్యూనిస్టులు, లెఫ్ట్ బ్లాక్ వాళ్ళు సోషలిస్టు ప్రభుత్వానికి ఊరికే మద్దతివ్వలేదు. జీతాలు వెనక్కివ్వాలి, పింఛన్లు కదలాలి అని అంశం అంశం కాగితం మీద రాయించుకుని, విడివిడిగా సంతకాలు చేయించుకుని మద్దతిచ్చారు. చాలావరకు జరిగింది. కోసిన నాలుగు పండుగ సెలవులు కూడా వెనక్కొచ్చాయి. దేశం మునగలేదు, 2019కి బడ్జెట్ మిగులు కూడా చూపారు. స్వర్గమైపోయిందని చెప్పను. ఆసుపత్రులకు డబ్బు చాల్లేదన్న గొడవ ఉంది. 2022లో ఆ వామపక్షాలు సీట్లూ పోగొట్టుకున్నాయి. కానీ కోతల్లో పోయింది తిరిగి రాబట్టుకోవచ్చని చూపించారు.

ఇంత దూరం ఎందుకు, మన సంగతే చూడండి. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఏం జరిగిందో మనకు తెలియదా? ప్రపంచ బ్యాంకు అప్పు, విద్యుత్ సంస్కరణలు, కరెంటు చార్జీల పెంపు. వామపక్షాలు ముందుండి జనాన్ని అసెంబ్లీ వైపు నడిపాయి. పోలీసులు కాల్చారు, ముగ్గురు చచ్చిపోయారు. నాలుగేళ్ళకు, 2004లో, వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడింది. ఆ సంతకం ఎవరిదని మనం ఇప్పటికీ కొట్టుకుంటాం. సంతకం పెట్టిన పెన్ను గుర్తుంది గానీ, ఆ పెన్నుని అక్కడిదాకా నెట్టిన రోడ్డు గుర్తులేదు. ఈ రాత్రి మీ బోరు నడుస్తుంటే, ఆ నీళ్ళలో బషీర్‌బాగ్ కూడా ఉంది. ఆ రోజు ఆ జనం "ముందు కడుపు, తర్వాత నోరు" అనుకుని ఇళ్ళలో కూర్చుని ఉంటే ఆ ఫైలు పుట్టేదా?

కాబట్టి పెద్దాయనకి నా జవాబు ఇది. బాబాయ్, కడుపు ముందా నోరు ముందా అన్న లెక్కే తప్పు. ముద్ద కడుపులోకి పోయేది నోట్లోంచే. అడగందే అమ్మైనా పెట్టదు, ఇక షావుకారు పెడతాడా? నోరు కట్టించుకుని తెచ్చుకున్న మాఫీ వచ్చే ఏడు వెనక్కి తీసుకుంటే మనం దేంతో అడగాలి? మీ పార్టీ మాఫీ మీద పది కరపత్రాలు వేసింది. మన పదిమందిని ఇళ్ళలో కూర్చోబెట్టినప్పుడు ఒక్కటన్నా వేసిందా?

ఎర్రజెండా పార్టీలు ఎందుకూ పనికిరావని వెక్కిరించే తమ్ముళ్ళకి ఒక మాట. మీ సంతోషం కోసం నేనిది రాయలేదు. ఈ కోతలు మొదలుపెట్టింది వాళ్ళు కాదు. ఎదురు నిలబడిందే వాళ్ళు, అందుకే లెక్క అడుగుతున్నా. చేను దున్ననివాడిని పంటేదని ఎవరూ అడగరు.

రేపు ఎలక్షన్లకు ఏ జెండావాడైనా మన వాకిట్లోకి వస్తాడు. కాఫీ ఇవ్వండి, కుర్చీ వెయ్యండి. మాఫీ ఎంత అని అడగండి. ఆ వెంటనే రెండో ప్రశ్న అడగండి: మేం యార్డు ముందు కూర్చుంటే మా వాకిట్లోకి కానిస్టేబుల్ని పంపుతావా, పంపవా? ఈ రెండూ ఒకే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. మొదటిదానికి నవ్వి, రెండోదానికి నీళ్ళు నమిలితే, మొదటిది కూడా అబద్ధమేనని తెలుసుకోండి.

మా పదిమందిమి ఈసారి మళ్ళీ కూర్చుంటాం. తేదీ కింద కామెంట్లో పెట్టను, ఎందుకో మీకు తెలుసు. మనిషి వచ్చి చెప్తాడు. పదిమంది ఇళ్ళ ముందు పదిమంది కానిస్టేబుళ్ళని పెట్టగలరు. వెయ్యి ఇళ్ళ ముందు వెయ్యిమందిని పెట్టలేరు.

తప్పు రాసుంటే చెప్పండి, దిద్దుకుంటా. ఉంటా మరి, పట్టాలు కప్పాలి, మంచు దిగుతోంది.